వాన వస్తోందన్న కబురు

మేడమ్ గారు పోయారని మొన్న సాయంత్రం వాళ్ల తమ్ముడుగారు ఫోన్ చేసి చెప్పారు. మధ్యాహ్నం భోజనం చేసి, వాలుకుర్చీలో పేపరు చదువుకుంటూ అలాగే వెళ్లిపోయారట. "ఎవరి చేతా ఒక్క పూట కూడా చేయించుకోలేదమ్మా" అన్నారాయన. ఏడుపు వచ్చింది. దాని వెనకే, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా, గుండె కుదుటపడింది కూడా. గుండెజబ్బు బయటపడ్డాక ఆవిడకి ఉన్న భయం ఒక్కటే, మంచాన పడతానేమోనని. "నేను మంచి రోగిని కానమ్మాయ్. చూడ్డానికొచ్చిన వాళ్లందర్నీ తిడతా" అనేవారు. ఆ అవస్థ తప్పింది.

ఆవిడ వ్యవసాయాధికారిగా పనిచేసి రిటైరయ్యారు. రైతులకి మాత్రం చివరిదాకా ఏఓ గారే. గుంటూరులో మా రైతు సంఘం ఆఫీసులో నేను కంప్యూటర్ పని చూస్తాను. సంఘంలోని మిర్చి, పత్తి రైతులందరికీ ఒకేసారి ఫోన్లో మెసేజ్ వెళ్లేలా ప్రోగ్రామ్ రాశాను. మేం రాసిన మాటని నా ప్రోగ్రామ్ మెసేజీలు పంపే కంపెనీకి అందిస్తే, వాళ్లు ఫోన్లకి చేరవేస్తారు. అయితే ఏ మాట పడితే ఆ మాట పంపడానికి లేదు. వాక్యాన్ని ముందే ఫోన్ కంపెనీల దగ్గర నమోదు చేసి అనుమతి తెచ్చుకోవాలి. తర్వాత అక్షరం మార్చినా మెసేజ్ వెళ్లదు.

ఏమేం పంపాలో చెప్పడానికి సంఘం వాళ్లు మేడమ్ గారిని పిలిచారు. మొదటిరోజే కళ్లజోడు నెత్తి మీద నుంచి కిందికి దించుకుని, అనుమతి వచ్చిన నా వాక్యాన్ని పైకి చదివారు. "వర్షం కురిసే అవకాశమున్నందున రైతు సోదరులు తగు జాగ్రత్తలు తీసుకోగలరు."

"ఏం జాగ్రత్తలు? గొడుగేసుకోమనా?" అని అడిగారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వి, అప్పటికప్పుడు వేరే వాక్యం చెప్పారు. "వాన వస్తోంది. కళ్లంలో కాయ కుప్పచేసి పట్టా కప్పండి." అనుమతికి పంపాను.

ఆవిడకి కొన్ని పట్టుదలలుండేవి. ఏ మెసేజైనా ముందు గొంతెత్తి చదవాలి. రైతుల నంబర్లలో తన నంబరూ ఉండాలి. "మనం పంపింది మనకే రాకపోతే వాళ్లకి వచ్చిందని ఎట్లా అనుకుంటాం?" అనేవారు. మెసేజీలకి ఒక్క కంపెనీ చాలదని, రెండో కంపెనీలోనూ ఖాతా తెరిపించారు. మా సెక్రటరీగారు ఎందుకండీ అంటే, "ఒక్క బోరుని నమ్ముకుని తోట వెయ్యకూడదండీ" అన్నారు.

ఆవిడ వచ్చిన వేసవి మొదట్లోనే ఒకరోజు, ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా కళ్లాలన్నీ మిర్చికాయతో ఎర్రగా పరుచుకుని ఉన్నప్పుడు, నరసరావుపేట నుంచి ఆవిడకి ఫోనొచ్చింది. అక్కడ వాన మొదలైందట, గాలి మనవైపే ఉందట. ఎండిన కాయ తడిస్తే బూజు పడుతుంది, మచ్చలొస్తాయి, ఏడాది కష్టం గంటలో పోతుంది. నేను వెంటనే కొత్త వాక్యం పెట్టి పంపాను. మొత్తం వెనక్కి వచ్చింది. దానికి ఇంకా అనుమతి రాలేదు.

"మేడమ్, మీ వాక్యం వెళ్లట్లేదండీ."

"పాతది పంపు. భాష సంగతి తర్వాత చూద్దాం."

పాతది పంపాను. అది తిరిగి రాలేదు, చేరనూ లేదు. తెర మీద అన్నిటికీ పెండింగ్ అనే చూపిస్తోంది. కంపెనీకి ఫోన్ చేస్తే లైన్లు రద్దీగా ఉన్నాయన్నారు. మేడమ్ గారు బల్ల మీద తన ఫోన్ పెట్టుకుని దాన్నే చూస్తున్నారు. కిటికీ అవతల వెలుతురు తగ్గుతోంది.

"రెండో కంపెనీ ఉందిగా. దాన్నుంచి పంపు" అన్నారు.

"మొదటివి కూడా తర్వాత వెళ్తే, ఒక్కొక్కరికి రెండేసి వస్తాయండీ."

"రెండుసార్లు కప్పుకుంటార్లే. పంపమ్మాయ్."

పంపాను. కాసేపటికి బల్ల మీది ఫోన్ కూసింది. ఆవిడ కళ్లజోడు దించుకుని, వెక్కిరించిన ఆ వాక్యాన్నే, తగు జాగ్రత్తలతో సహా, పైకి చదివి వెనక్కి వాలారు. తెర మీద చేరినవన్నీ వరసగా పచ్చగా మారుతున్నాయి. "టీ చెప్పు" అన్నారు.

టీ అయ్యేలోపే పర్చూరు వైపు నుంచి ఒక రైతు ఆవిడకి ఫోన్ చేశాడు. ఆవిడ ఆ ఫోన్ నా చెవికి ఆనించారు. పట్టా మీద వాన పడుతున్న హోరు. ఆ హోరులోంచి ఆయన కేక వినిపించింది. "కప్పేశాం ఏఓ గారూ. మా ఆడది చదివి చెప్పింది. ఇప్పుడు కొడతంది చూడండి వాన, కొట్టనీయండి."

"కొట్టనీ" అన్నారావిడ, ఫోన్ తీసుకుని.

అందరి కాయా దక్కలేదు. కొందరు నంబర్లు మార్చుకుని ఉన్నారు, వాళ్లకి మెసేజ్ చేరలేదు. మర్నాడు మేడమ్ గారు నన్ను వెంటబెట్టుకుని ఆ కళ్లాలకి వెళ్లారు. మట్టిలో కూర్చుని తడిసిన కాయని వేరుచేస్తూ, ఎలా ఆరబెట్టాలో చెబుతూ, మధ్యమధ్యలో కొత్త నంబర్లు నాకు రాయించారు. తిరిగి వస్తూ కారులో నిద్రపోయారు. అంత నిశ్చింతగా నిద్రపోయిన మనిషిని నేను చూడలేదు.

మొన్న కబురు తెలియగానే సెక్రటరీగారు అడిగారు, "అందరికీ ఒక మెసేజ్ పెట్టమ్మా" అని. పెట్టడానికి లేదు. వానకి, పురుగుకి, ధరకి వాక్యాలున్నాయి. దీనికి మేం ఎప్పుడూ అనుమతి అడగలేదు. ఆ వాక్యం నేను రాయాల్సిన పని లేకపోయినందుకు తేలికపడ్డాను. నలుగురైదుగురికి ఫోన్ చేశాను. మిగతా ఊళ్లకి వాళ్లే చెప్పుకున్నారు.

నిన్న పొద్దున వాళ్లింటికి జనం ఆటోల్లో, ట్రాక్టర్ల మీద వచ్చారు. పనిలోంచి లేచి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చిన వాళ్లే ఎక్కువ. వసారా నిండేసరికి వాళ్ల బట్టల్లోని మిర్చి ఘాటు గాల్లోకి లేచింది. ముందుగా, మిర్చికి తొడిమలు తీసే ఒకావిడ తుమ్మింది. తర్వాత వాళ్ల తమ్ముడుగారు, తర్వాత మంత్రాలు చదువుతున్న పంతులుగారు. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఇల్లంతా తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, ఏది ఏడుపో ఏది ఘాటో తెలియకుండా కూర్చున్నాం. మధ్యలో ఆవిడ మాత్రం, పూల కింద, తుమ్మకుండా పడుకుని ఉన్నారు.