పిట్ట ముట్టే దాకా: రాయపట్నం రేవులో ఒక రోమ్ చక్రవర్తి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను కరీంనగర్‌లో బడిపంతులుని. గోదావరి అవతల, లక్సెట్టిపేట దగ్గరి పల్లెలో నా స్నేహితుడు రాజేశం తండ్రి పోయాడని కబురొచ్చింది. చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండి, వెనకటి రోమ్ చక్రవర్తి ఒకాయన తత్వాన్ని పోటీపడి చదివాం. మన చేతిలో లేనిదాన్ని వదిలేసి, ఉన్నదాన్ని సరిగ్గా చెయ్యమంటాడాయన. అప్పట్లో అది మాకు వాదనల్లో నెగ్గడానికే పనికొచ్చేది.

ఆయన పోయిన మూడో రోజు తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. రూపాయిన్నర టికెట్టు. చొప్పదండి, ధర్మారం మీదుగా రాయపట్నం రేవు చేరేసరికి ఎండ ముదిరింది. "పడవ దొరుకుతదా?" అంటే, "నిండినంక ఇడుస్తరు సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు డ్రైవరు. పడవలో కొంగు నిండా కప్పుకుని రాజేశం చెల్లెలు లక్ష్మి కనిపించింది. వేరే కులం వాణ్ణి చేసుకుందని రాజేశం ఆమెను గడప తొక్కనివ్వలేదు.

"బాపును ఆఖరుసారి సూడనియ్యలే. ఇయ్యాలన్న రానిస్తడా, అన్నా?" అని నన్ను అడిగింది. పడవ కదిలింది.

అవతలి ఒడ్డున రాజేశం వాళ్లు ఆకులో పోయిన ముసలాయనకు ఇష్టమైన బువ్వ, కూర, కల్లు పెట్టారు. మా వైపు పిట్టంటే కాకి, అది ముడితేనే పోయినవాడి మనసు చల్లబడ్డట్టు. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టరు. కాకులు పైన తిరిగాయే గాని వాలలేదు. లక్ష్మి పడవ దగ్గరే నిలబడిపోయింది.

"పానమంతా బిడ్డ మీదనే ఉండె," అని రాజేశం మేనమామ మెల్లగా అన్నాడు.

రాజేశం ముఖం గంటు పెట్టుకుని నా వైపు తిరిగాడు. "ఏమంటడురా మన రోమ్ రాజు?"

"పిట్ట నీ చేతుల లేదు. పిలుసుడు నీ చేతులనే ఉన్నది."

రాజేశం లేచాడు. పడవ దగ్గరికి నడిచి, "రా చెల్లె, బాపుకు నువ్వు పెట్టు" అన్నాడు. ఆమె ముద్ద కలిపి ఆకులో పెట్టింది. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, మేమంతా ఏడ్చాం.

ఎన్నో వందల ఏళ్ల కిందట, ఎక్కడో దూరదేశంలో రాజ్యమేలినవాడి ఆలోచన మన గోదావరి ఒడ్డున ఎలా పనికొచ్చిందా అని ఇప్పటికీ అనుకుంటాను. మన చేతిలో లేనివాటికి ఎదురుచూస్తూ, ఉన్నది చెయ్యకుండా కూర్చునే అలవాటు ఆ రోజుల్లోనూ ఉంది, ఈ రోజుల్లోనూ ఉంది. మీరు ఆ దారిన పరామర్శకు వెళ్తే తిరుగు బస్సు వేళ చూసుకుని మాత్రం వెళ్లకండి, పిట్ట ముట్టేదాకా ఆగాల్సి రావచ్చు. మేము సాయంత్రం దాకా ఉన్నాం. ఆకు ఖాళీ అయింది గాని, పిట్ట ఎప్పుడు ముట్టిందో మాలో ఎవరమూ చూడలేదు.