పొడుగు లెన్సు దాచిన దూరం

చాలా ఏళ్ళుగా నన్ను కుంగదీస్తున్నది ఒక పొగడ్త. తిట్టయితే ఎప్పుడో దులిపేసుకునేవాణ్ణి. వేదికల మీద తిట్లు తింటూ పెరిగినవాణ్ణి, వాటి బరువెంతో తెలుసు. కానీ ఒక మనిషి నిండు సభలో లేచి నా తరఫున అన్న మాటను దించుకోలేకపోతున్నాను. ఆ మాట నిజం కాదు. ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

ముందు ఆమె గురించి చెప్పనివ్వండి.

హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, అగ్రికో కాలనీలో మా క్వార్టర్‌కు రెండిళ్ళ అవతల ఉండేది. స్కూల్లో సైన్సు చెప్పేది. బంధుత్వం లేదు గానీ, ఊహ తెలిసినప్పటినుంచీ నాకు అక్క. మూఢనమ్మకాల మీద పోరాడే మా చిన్న సంఘానికి నన్ను తీసుకెళ్ళింది ఆమే. నేను వాదించి గెలిచేవాణ్ణి. ఆమె అవతలివాళ్ళు చెప్పేది చివరిదాకా వినేది. సెలవులొస్తే రైలెక్కి ఎటో వెళ్ళిపోయేది. భుజాన చిన్న సంచి, అందులో ఒక కెమెరా, దానికి ఒకే ఒక్క పొట్టి లెన్సు. జూమ్ ఉండదు. మనిషి ముఖం పెద్దగా పడాలంటే కాళ్ళతో దగ్గరికి నడవాల్సిందే. ఆమె తీసిన ఫోటోల్లో ఎవరూ కెమెరాను చూస్తున్నట్టు ఉండరు, ఆమెను చూస్తున్నట్టు ఉంటారు. అలాంటి ముఖాలు నేను ఇంకెవరి ఫోటోల్లోనూ చూడలేదు.

నేను కెమెరా కొనుక్కున్న రోజు బిష్టుపూర్ బజారులోని కెమెరా దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. నా కన్ను పొడుగు జూమ్ లెన్సు మీద పడింది.

“ఏట్రా అది, ఫిరంగి గొట్టంలాగున్నాది? ఎవుల్ని పేల్చేత్తావు?”

“దూరం నుంచి తీయొచ్చక్కా. ఎవులికీ తెలీదు.”

“ఎవులికీ తెలీకుండా తీత్తే దొంగతనం కాదేటి?”

“నిజం పట్టుకోడానికే కదా!”

“పట్టుకోడానికి నువ్వేటి పోలీసోడివా? దగ్గరికెల్లు. ఎందుకు తీత్తన్నావని ఆ మనిసి అడుగుతాడు. సెప్పు. అప్పుడు కూడా తియ్యనిత్తే తియ్యి.”

దుకాణదారు బేరం పోతుందనుకున్నాడేమో, “దీదీ, లేనే దీజియే నా!” అంటూ, కొనుక్కోనివ్వమని బతిమాలాడు. “లేనే దో, ఉఠాయేగా కౌన్?” అంది అక్క. కొంటాడు సరే, మోసేదెవరు అని. ముగ్గురం నవ్వాం. నేను ఆ లెన్సే కొన్నాను.

కొండల అవతల ఒక పల్లెలో ఒక ఓఝా ఉన్నాడని, దయ్యం పట్టిందంటూ ఆడవాళ్ళను కర్రతో కొడతాడని విన్నాం. వెళ్ళాం. అక్క నేరుగా ఆ మంత్రగాడి ఇంటికే వెళ్ళింది. తానెవరో చెప్పింది. కాసేపటికి లోపల అతని భార్య పక్కన కూర్చుని తింటోంది. నేను మాత్రం దూరంగా పొలం గట్టు మీద లెన్సు ఎక్కుపెట్టి నిలబడ్డాను. అతను బయటికొచ్చి దడి నమిలేస్తున్న మేకల మీదికి కర్ర ఎత్తాడు. అతని వెనక, బాగా దూరంలో, ఒక స్త్రీ తల వంచుకుని దారిన పోతోంది. పొడుగు లెన్సు గుణమేమిటంటే, ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ దగ్గరికి లాగి అతికించేస్తుంది. ఫోటోలో ఆ కర్ర ఆ స్త్రీ తల మీద ఉంది.

పొరపాటు పడ్డానా? అలా చెప్పుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో. ఫోటో అడుగున మేకలున్నాయి. ఆ ముక్కను నేనే కత్తిరించాను. కత్తిరించే చేతికి తెలియదా?

కొడుతుంటే కళ్ళారా చూశానని నేను రాసిన మాటతో ఫోటో మా సంఘం పత్రికలో వచ్చింది. ఫోన్లలో పాకింది. తర్వాతి సభకు ఆ పల్లె నుంచే ఒకాయన వచ్చాడు. ఓఝా వైద్యాన్ని నేనూ ఒప్పుకోను, కానీ ఈ ఫోటో అబద్ధం అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు అక్క లేచింది. ఆ సమయంలో తను ఇంటి లోపల ఉందని దాచకుండా చెప్పింది. ఆ తర్వాత అన్న మాట హిందీలోనే అంది గానీ, నాకు ఎప్పుడూ మా ఇంటి భాషలోనే వినిపిస్తుంది: “మా తమ్ముడు సూసేనన్నాడంటే సూసినట్టే.”

ఆయన కూర్చున్నాడు. నా వాదనకు కాదు, ఆమె ముఖం చూసి. నేను చప్పట్లలో కలిసిపోయాను.

ఆ మంత్రగాడి వైద్యానికి నేను ఇవాళ్టికీ శత్రువునే. దాని మీద ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోను. కానీ ఋజువు చూపించమని ఊరందరినీ నిలదీసేవాణ్ణి, నా ఋజువును కత్తెరతో తయారుచేశాను. దీన్నేమనాలి? మరో మంత్రం అనాలి.

అక్క ఆ పల్లెకు మళ్ళీ వెళ్ళింది. ఆ ఇంటి తలుపు తియ్యలేదు. పక్క పల్లెల్లోనూ అంతే. తమ ఇంట్లో తిని వెళ్ళి సభలో తమ మీదే సాక్ష్యం చెప్పిన మనిషిని ఎవరు రానిస్తారు? ఫోటో నిజమేనని నమ్మిన ఆమెకు కారణం అంతుపట్టలేదు. మెల్లగా మనుషుల ఫోటోలు మానేసింది.

మొన్న ఫోన్ చేసింది. ఉత్తరాది కొండల్లోకి వెళ్తోందట.

“మనుసులు మారిపోనారు తమ్ముడూ. దగ్గరికి రానీటం లేదు. నేనూ నీలాగ పొడుగు లెన్సు కొనేత్తాను, పిట్టల్నీ కొండల్నీ తీసుకుంటాను. ఏది మంచిదో సెప్పు.”

చెప్పాను. బరువు గురించి, చలిలో బ్యాటరీ గురించి, తక్కువ వెలుతురులో చెయ్యి వణికితే ఏం చేయాలో. చాలాసేపు చెప్పాను. బాగా చెప్పాను కూడా. నాకు తెలిసినవాళ్ళలో మనుషుల దగ్గరికి అంత సులువుగా వెళ్ళగలిగిన ఒకే ఒక్క మనిషికి, దూరంగా నిలబడటం ఎలాగో నేర్పాను.

క్షమించమని అడగను. ఆ పల్లెల తలుపులు ఆమెకు మళ్ళీ తెరిపించలేనివాణ్ణి, ఏ ముఖంతో అడుగుతాను? ఈ రాత కింద నా పేరు పెట్టడం లేదు. పిరికితనమే. కానీ ఆమె చదివితే పేరు అక్కర్లేదు.

మనుషులు మారలేదక్కా. అతను ఆ స్త్రీని కొట్టడం నేను చూడలేదు.

ఇంత చిన్న వాక్యం. రాశాక గుండె కాస్త తేలికగా కొట్టుకుంటోంది. అంతకు మించి నాకు రావాల్సింది ఏమీ లేదు.