నాలుగో మజిలీ

మొన్న శుక్రవారం ఇక్కడ ఒమాన్‌లో, అజైబాలో, నేను పనిచేసే ఇంటి సార్ చిన్నకూతురి పుట్టినరోజు చేశారు. గొట్టం మెలితిప్పితే ఢామ్మని పేలి రంగుకాగితాలు చిమ్ముతుంది చూడండి, అలాంటివి పిల్లలు ఓ డజను పేల్చారు. సోఫాల మీద, ఫ్యాను రెక్కల మీద, ఆఖరికి కేకు క్రీములో కూడా కాగితం ముక్కలే. పక్క విల్లాలో డ్యూటీ చేసే గోదావరి జిల్లా పిల్ల, నేను చెల్లెలా అని పిలుస్తాను, సాయానికి వచ్చింది. అతిథులు ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే చీపురు పట్టింది. నేను గబుక్కున ఆ చీపురు లాక్కున్నాను.

"ఏటక్కా, ఊడవద్దా?"

"ఉండనీమ్మే. ఒక పూట ఉంటే ఇల్లేం కూలిపోదు."

"నువ్వేనా ఈ మాటంటన్నది? వంటగట్టు మీద నీటిచుక్క ఉంటే నీకు నిద్దరట్టదు. జొరమేమైనా తగిలిందేటి?"

జ్వరం కాదు. ఒకసారి ఇలాగే కాగితాలు ఊడ్చి ఓ ఊరి పరువు తీసినంత పని చేశాను. ఆ సంగతి చెప్పాలంటే చెల్లెల్ని కూర్చోబెట్టి టీ పెట్టాల్సి వచ్చింది. మీరూ కూర్చోండి.

ఒమాన్‌కు వచ్చిన కొత్తలో సువైక్‌లో ఓ ఖర్జూరతోటల ఆసామి ఇంట్లో ఆరేళ్ళు చేశాను. ఆ ఇంటి ముసలమ్మ తిట్ల పుణ్యమా అని నాకు అరబ్బీ వచ్చింది. ఐదో తరగతి దాకా పంతులు బెత్తం విరిగినా రాని చదువు ముసలమ్మ నోటికి వచ్చిందంటే, లోపం నాలో లేదని మీరే ఒప్పుకోవాలి. ఆ తర్వాత అజైబాలో ఈ సార్ ఇంట్లో కుదిరాను. సార్‌ది మాల్టా. మధ్యధరా సముద్రంలో చిన్న దీవి అది. ఒక ఏడాది ఆగస్టులో, వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందని, ఊళ్ళో తిరునాల కూడా ఉందని ఇంటిల్లిపాదీ బయలుదేరుతూ నన్నూ తీసుకుపోయారు. ఊరు చూపించడానికి కాదులెండి, ముసలామెకు తోడుగా. అయినా మా కోడూరు పక్క ఎవరు అడిగినా "మాల్టా చూసొచ్చినా" అనే చెప్తాను. మోకాలి కథ ఎవరికి కావాలి?

బెల్లంరంగు రాతి ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడినట్టుంటుంది ఆ ఊరు. అందరూ కతోలికులే. మన జిల్లా కేంద్రంలో కూడా ఉండనంత పెద్ద చర్చి ఆ చిన్న ఊళ్ళో ఉంది. తిరునాల మరియమ్మ తల్లిది. వీధికి అడ్డంగా ఎర్ర పట్టుగుడ్డలు, స్తంభాలెక్కిన దేవదూతలు, బల్బుల తోరణాలు, బాదంపప్పు వేసి మన జీళ్ళలా సాగదీసిన మిఠాయి బండ్లు, ఊదే బూరలు, వాయించే డోళ్ళు. దేవుడి పేరు ఒకటే తేడా, మిగతాదంతా మనదే. ఆ తేడా కూడా ఎంతని? ఫాదర్ ప్రసంగంలో దేవుణ్ణి "అల్లా" అంటుంటే సువైక్‌లో ఉన్నానో చర్చిలో ఉన్నానో తెలియక కాసేపు పైట సర్దుకుంటూ ఉండిపోయాను. వాళ్ళ భాష అరబ్బీకి దగ్గరి చుట్టమట. రొట్టె పేరు అదే, నీళ్ళ పేరు అదే, "నడువు", "నోర్ముయ్" కూడా అవే. ఒక పనిమనిషి బతకడానికి అంతకంటే ఏం భాష కావాలి?

సార్ వాళ్ళమ్మను అందరూ "నన్నా" అంటారు. అక్కడ అమ్మమ్మను, నాయనమ్మను అలా పిలుస్తారు. ఎనభై నాలుగేళ్ళ ఆమె, పిడికెడు మనిషి, మొహం నిండా ముడతలు, నోటి నిండా అధికారం. నేను వెళ్ళిన రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి ఆమెకు రొట్టె మీద టమాటా రుద్ది ఇస్తున్నాను. ఒక్కసారిగా ఢాం! కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మళ్ళీ ఢాం, ఢాం. నాది కడప జిల్లా. చిన్నప్పుడు ఇలాంటి చప్పుడు వింటే మా అమ్మ ఏం నేర్పిందో చేతులు అదే చేశాయి. నన్నాను నడుం పట్టుకుని కుర్చీతో సహా లాగి బల్ల కిందికి తోసి, మీద నేను పడుకున్నాను. "ఎవురిదమ్మా పార్టీ?" అని తెలుగులోనే అడిగాను. సార్ పరుగున వచ్చి చూసి, నవ్వలేక చచ్చిపోయాడు. తిరునాల మొదలైందని ఊరికి చెప్పే బాణాసంచా ఔట్లట అవి. కొత్త మోకాలున్న ముసలామెను నేల మీద దొర్లించినందుకు ఆ రోజే నన్ను తిరుగు విమానం ఎక్కిస్తారనుకున్నాను. నన్నా మాత్రం బల్ల కింద నుంచి లేవకుండానే నా చెంప తట్టింది. సాయంత్రానికి వీధిలో ప్రతి గుమ్మానికీ ఈ కథ చేరింది. ప్రతి గుమ్మంలోనూ నేను ఇంకాస్త ధైర్యవంతురాలినయ్యాను. నేను సరిచేయలేదు.

ఆ రోజు నుంచి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కత్తెర చేతికిచ్చింది. పాత పేపర్లు, పిల్లల రంగుకాగితాలు, ఉత్తరాల కవర్లు గోరంత ముక్కలుగా కత్తిరించాలి. తిరునాల ముందు రోజు బ్యాండు వచ్చినప్పుడు, మరుసటి సాయంత్రం తల్లి ఊరేగింపప్పుడు బాల్కనీల మీంచి చల్లాలి. ఏ వీధిలో కాగితం దట్టంగా పరుచుకుంటే ఆ వీధిది పైచేయి. నన్నా వంకర్లు తిరిగిన వేళ్ళతో ఏడాది పొడుగునా కత్తిరించి మూడు సంచులు నింపింది. బతుకంతా చెత్త ఎత్తిన నాకు చెత్త చేసే ఉద్యోగం దొరికిందని నవ్వుకున్నాను.

కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆమె ఒక మాట చెప్పింది. "మా ఆయన ముప్పై ఏళ్ళు తల్లిని మోశాడు. ఎడమవైపు, ముందు కర్ర. ఊరేగింపులో తల్లి మూడు చోట్లే ఆగుతుంది. బ్యాండువాళ్ళ క్లబ్బు ముందు, ఫాదర్ ఇంటి ముందు, పైవీధి మలుపులో. మా వీధిలో ఆగదు. పెళ్ళైన ఏడాది అడిగాను, ఒక్కసారి మన గుమ్మం ముందు ఆపించవయ్యా అని. మోసేవాడు తన గుమ్మం ముందే దింపుకుంటే ఊరేమంటుంది అన్నాడు. ముప్పై ఏళ్ళూ అదే మాట. నా ముందు నుంచే పోతూ తల కూడా తిప్పేవాడు కాదు."

"మా పక్క పుట్టాల్సిన మనిషి," అన్నాను. "మా వోళ్ళు కూడా మాటన్నాక పెళ్ళాం కోసమైనా ఇడిసిపెట్టరు."

ఆమె నవ్వలేదు. "ఆయన పోయి పన్నెండేళ్ళు. అడగడానికి కూడా ఎవరూ లేరిప్పుడు. ఈ మోకాలు నన్ను ఇంకెన్ని తిరునాళ్ళు గుమ్మం దాకా తెస్తుంది?" అని కత్తెర మళ్ళీ అందుకుంది.

ముందు రోజు సాయంత్రం బ్యాండు వచ్చింది. బాల్కనీల మీంచి సంచులు కుమ్మరించారు. నన్నావి రెండు సంచులు నేనే చల్లాను. మొదట చెయ్యి రాలేదు. "విసురు!" అని ఆమె అరిస్తే కళ్ళు మూసుకుని విసిరాను. వీధంతా చీలమండల లోతు కాగితం. ఎదురింటి ముసలాయన మీసం దువ్వి, పైవీధి వాళ్ళకు ఈసారి మొహం చూపించే దారి లేదన్నాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం. మరుసటి రోజు అసలు పండగ. పండగ పొద్దున తెల్లవారకముందే నాకు మెలకువ వస్తుంది. ఎవరూ లేపక్కర్లేదు, మా అమ్మ పోయినా ఆమె కేక నా చెవిలోనే ఉంది. తలుపు తీశాను. వాకిలి నిండా చెత్త. పండగ పూట! ఆ కాగితం సాయంత్రం ఊరేగింపు దాకా ఉండాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నారు, అక్కడ పుట్టినవాళ్ళకు తెలుసు కదా. నడుం వంచకుండా ఊడ్చే పొడుగు కర్ర చీపురు వాళ్ళది. దాంతోనే మా గుమ్మం ముందు అవతలి గోడ దాకా ఊడ్చి, నాలుగు నల్ల సంచుల్లో కుక్కాను. చెత్తబండి అప్పుడే వచ్చింది. చేతికందించి "షుక్రన్" అని థాంక్స్ కూడా చెప్పాను. నీళ్ళు చల్లాను. పెరట్లో గోడ బాగుచేయగా మిగిలిన రాతి పెచ్చులు ఉన్నాయి. ఆ దీవి రాయి మెత్తన, గోటితో గీకితే పిండి రాలుతుంది. ముగ్గురాయి గనులున్న చోట పుట్టినదాన్ని, చూస్తూ ఊరుకుంటానా? రోలు దొరకలేదు గానీ సుత్తి దొరికింది. పదిహేను చుక్కలు పెట్టి, చుట్టూ తామరలు తిప్పి, నాలుగు మూలలా నెమళ్ళు దించాను. ఏళ్ళుగా గల్ఫు ఇళ్ళలో పాలరాయి తుడిచిన చెయ్యి, ఒక్క గీత కూడా వణకలేదు. లేచి నిలబడి చూసుకుంటే నాకే దిష్టి తగులుతుందనిపించింది.

దిష్టి కాదు, ఊరు తగిలింది. ఎదురింటి ముసలాయన కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి కప్పు అక్కడే పెట్టేసి గుండెలు బాదుకున్నాడు. క్షణంలో వీధి వీధంతా దిగింది. రెండు పక్కలా మోకాలి వైపు లేస్తున్న కాగితం, మధ్యలో మా ఇంటి ముందు నున్నగా గుండు. ముసలాయన సార్ మీద పడ్డాడు. "ఎడారి దేశం నుంచి తెచ్చావు కదయ్యా మనిషిని, ఎడారి చేసి పెట్టింది!" సార్ తల పట్టుకుని "ఏం చేశావు నువ్వు? అది అమ్మ ఏడాది పని" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ వంకర వేళ్ళు, ఆ కత్తెర, ఆ సంచులు. చెత్తబండి వెళ్ళిన దిక్కుకు చెప్పులు లేకుండా మలుపు దాకా పరుగెత్తాను. బండీ లేదు, దాని చప్పుడూ లేదు.

తిరిగి వచ్చేసరికి నన్నా చేతికర్రతో గుమ్మంలో నిలబడి ముగ్గు వైపు చూస్తోంది. ఎంత తిట్టినా పడదామని తలొంచుకున్నాను.

"ఇదేమిటి?" అంది.

"ముగ్గు. తల్లి ఇంటికి రావాలని ఏస్తాము."

"వస్తుందా?"

"ఎందుకు రాదు? ఇంత పొద్దన్నే లేసి, నడుము ఇరిగేలా ఊడిస్తే?"

"నా ఇంటికి రాదు. ముందు నుంచి పోతుంది." ఇంకాసేపు చూసింది. తర్వాత చేతికర్ర నేలకు కొట్టి అందరికీ వినపడేలా చెప్పింది. "ఆ మూడో సంచీ మూతి కట్టేయ్. సాయంత్రం నా బాల్కనీ మీంచి ఒక్క ముక్క పడకూడదు. దీని మీద ఎవరు కాగితం వేసినా వాళ్ళింటికి చావుకు కూడా రాను."

ఎదురింటాయన కాఫీ కప్పు తీసుకుని లోపలికి పోయాడు. పగలంతా ఆ వీధి జనం గోడవారగా పక్కకు నడుస్తూ పోయారు.

సాయంత్రం ఎండ పసుపురంగు తిరిగే వేళకు పైనుంచి బ్యాండు వినిపించింది. నన్నా నల్లగౌను, ముత్యాల చెవిపోగులు పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. నేను వెనక నిలబడ్డాను. మరియమ్మ తల్లి వచ్చింది. ఎనిమిది మంది భుజాల మీద, నీలం కొంగు బంగారు అంచులతో, ఊగుతూ, మెల్లగా. చేతులు నాకు తెలియకుండానే జోడించుకున్నాయి. అమ్మవారు అమ్మవారే కదా, ఏ ఊరిదైతేనేం. కాగితాల వానలో మోసేవాళ్ళ పాదాలు కనిపించడం లేదు. కాగితం అంచు దాటి కడిగిన రాతి మీదికి వచ్చారు. ముందున్న ఇద్దరూ కిందికి చూశారు. ఒకడి కాలు గాల్లోనే ఆగిపోయింది.

ముందు నడిచే మేస్త్రి వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. పంగలకర్రలు నాలుగూ టకటకమని నేలకు ఆనాయి. తల్లి బరువు వాటి మీదికి దిగింది. బ్యాండు వాయిస్తూ వాయిస్తూ తడబడి ఆగిపోయింది.

నా ప్రాణం పైకే పోయింది. పొద్దున వీధి పరువు తీశాను, ఇప్పుడు దేవత దారికే అడ్డం పడ్డాను! ముగ్గు తొక్కడానికే వేస్తారని ఈ మహానుభావులకు ఎవరు చెప్పాలి? గొంతెత్తి, "ఇమ్షీ! ఇమ్షీ! నడండయ్యా, తొక్కండి, ఏం కాదు!" అని చేతులూపాను.

కుర్చీలోంచి చేతికర్ర వెనక్కి వచ్చి నా పాదం మీద పడింది. "ఇస్కుత్!" అంది నన్నా. నోర్ముయ్ అని. సువైక్ ముసలమ్మ కూడా అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

అప్పుడు చూశాను ఆమె మొహం. తల్లి సరిగ్గా ఆమె ఎదురుగా ఉంది. అరవై ఏళ్ళుగా పక్కనుంచి మాత్రమే చూసిన మొహం. నేను ఆ తల్లిని తరిమేస్తున్నానని తెలిసి నాలుక కరుచుకున్నాను. తల్లి అలా ఎంతసేపు ఆగిందో తెలియదు. మోసేవాళ్ళలో ఒకడు మెడ తుడుచుకున్నాడు. చివరికి మేస్త్రి టోపీ తీసి, "నన్నా, ఎక్కడ అడుగు పెట్టమంటావు?" అని అడిగాడు.

ఆమె నా మోచెయ్యి పట్టుకుని లేచింది. ఎడమవైపు ముందు కర్ర దగ్గరికి నడిచి, భుజం ఆనే చోట అరిగి నున్నగా మెరుస్తున్న చెక్కను అరచేత్తో ఒక్కసారి తడిమింది. తర్వాత తన నల్లబూటు ఎత్తి, మొదటి నెమలి మీద తనే పెట్టింది. "ఇలా," అంది. "రండి."

పదహారు పాదాలు నా తామరల మీదుగా నడిచిపోయాయి. గంట సేపు వేసిన ముగ్గు నిమిషంలో చెదిరింది. నేను వేసిన ముగ్గుల్లో అంత బాగా చెదిరింది మరొకటి లేదు. ఎదురింటి ముసలాయన నా దగ్గరికి వచ్చి మీసం దువ్వుకుంటూ, పైవీధి వాళ్ళకు ఈ విద్య చెప్పకు అన్నాడు.

మరుసటి ఏడాది ముగ్గు లేదు, నేను ఒమాన్‌లోనే ఉన్నాను. అయినా ఆపారట. ఆ మరుసటి ఏడాదీ ఆపారట. ఒకసారి ఆగిన చోటు ఆచారం కావడానికి తిరునాలలో ఎంతసేపు పడుతుంది? ఇప్పుడు ఆ ఊళ్ళో తల్లి నాలుగు చోట్ల ఆగుతుంది. మూడు వాళ్ళవి, నాలుగోది కడపది. ఈ మాట నేను ఎవరికి చెప్పినా నమ్మరు, అయినా చెప్తూనే ఉంటాను.

కథ అయ్యేసరికి గోదావరి చెల్లెలి టీ చల్లారిపోయింది. "ఆ మామ్మగారు ఉన్నారా అక్కా?" అంది. రెండేళ్ళ కిందట పోయింది. కిందటి ఆగస్టులో సార్ తన ఫోన్‌లో వీడియో చూపించాడు. గుమ్మం మూసి ఉంది. బాల్కనీలో ఎవరూ లేరు. వీధంతా కాగితం. తల్లి వచ్చింది, మూసిన తలుపు ముందు పంగలకర్రలు ఆనాయి, తల్లి ఆగింది. అక్కడ మాత్రం ఎవరో నాలుగడుగులు నున్నగా ఊడ్చి ఉంచారు. ముగ్గు వేయడం రాదు కదా పాపం, ఊడ్చి వదిలేశారు.

కాలం కూడా అలాంటి ఊరేగింపే. ఎంత మొక్కినా మన గుమ్మం ముందు తనంతట తాను ఆగదు. ఎక్కడైనా ఒక్క క్షణం ఆగిందంటే, ఆ పొద్దున ఎవరో తెలియక ఆ చోటు ఊడ్చి ఉంటారు.