ఆయన వంతు బియ్యం

మా చర్చి సంఘంలో ఆడవాళ్లు వండేముందు పిడికెడు బియ్యం దేవునికని విడిగా తీసిపెడతారు. ఈ రోజు అవి తేవడానికి సత్యనారాయణపేటలో రత్నమ్మక్క ఇంటికి వెళ్లాను. దోణిమలై ఇనుప గనిలో పనిచేసే భర్త ఈ మధ్యే పోయాడు, ఆమె ఒక్కతే ఉంటోంది. అయినా సంచి ఎప్పటికంటే బరువుగా ఉంది.

"ఇన్ని బియ్యం ఏందికక్కా?" అన్నాను.

"ఏం చేసేదప్పా, చెయ్యి ఇంగా ఆయనకూ కలిపే కొలుస్తాండాది. ఎసట్లో పోసేముందు గుర్తొస్తాది. తిరిగి డబ్బాలో పోసేకి మనసు రాదు. ఆయన వంతు దేవునికి పోతాండాదంటే సంతోషంగానే ఉండాది," అని నవ్వింది.

ఓదార్చడానికి దారంతా బైబిల్ వాక్యాలు వల్లించుకుంటూ వెళ్లిన సంఘ పెద్దని, తిరుగుదారంతా ఆమె మాటలే తలుచుకుంటూ సంచి మోసుకుని వచ్చేశాను.

మీ ఇళ్లలోనూ కొలత మార్చుకోని చేతులు ఉన్నాయా?