ఎవరూ ఎత్తకూడదన్న అక్క

అక్క నాకు అప్పజెప్పింది ఒకే ఒక్క పని. చెన్నైలో విమానం దిగిన చోటి నుంచి హార్బరు దాకా, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఎక్కించుకునే బండి ఒకటి చూడాలి. తక్కినదంతా తనే చూసుకుంది. మూడు రోజులు సముద్రం మీద తిప్పి తెచ్చే ఓడలో, కుర్చీ పట్టేంత వెడల్పు తలుపున్న గది అడిగి తీసుకుంది. విమానం వాళ్లకు కుర్చీ బరువు ముందే చెప్పింది. గనుల ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన పక్కింటి ఆంటీని తోడుకు ఒప్పించింది. మధ్యలో ఆ కాస్త రోడ్డు మాత్రం నాకు వదిలింది.

"బండ్ల సంగతి నీకు తెలిసినంత నాకేం తెలుసురా" అంది.

నాది టమోటాలు మోసే చిన్న గూడ్సు బండి. క్యాసంబళ్ళి పక్క తోటల్లో పెట్టెలు ఎత్తుకుని మండీలో దింపుతాను. వెన్నుపూస జబ్బుతో అక్కకు నడుము కింద పడిపోయి పన్నెండేళ్లయింది. ఆస్పత్రికి పోవాలంటే నా బండే. వెనక తలుపు దించి రెండు చెక్కలు వాలిస్తే, తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ తనే ఎక్కుతుంది. నేను కుర్చీని తాడుతో కట్టి, "ఈ పొద్దు ఒక పెట్టె ఎక్కువైనాది, కాయ కొంచెం ముదురు" అంటాను. "ముదురు నీ మొగము, బండి తియ్యి" అంటుంది. అదే బండిలో చెన్నై దాకా అంటే ఆరు గంటల కుదుపులు, ఆ వెన్ను తట్టుకోదని డాక్టరు ఒప్పుకోలేదు. అందుకే విమానం.

బండి తలుపు ఎంత వెడల్పు ఉండాలో, కుర్చీలో కూర్చుంటే తన తల ఎంత ఎత్తుకు వస్తుందో అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది. అలాంటి బండ్లు నడిపేవాళ్ల ఫోన్ నంబరు కూడా ఎక్కడో వెతికి కింద రాసింది. కాగితం నా చేతిలో పెట్టి, చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఇంగొకటిరా. నన్ను ఎవురూ ఎత్తకూడదు. అది గట్టిగా చెప్పు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మేము ఉండేది బంగారు గనుల పక్క కోరమండల్‌లో, గని కార్మికులకు కట్టిన వరస ఇళ్లలో. మా లైన్లలో బరువన్నది ఎవడూ ఒంటరిగా ఎత్తడు. బీరువా మార్చాలన్నా, కాలవలో పడిన ఆవును లేపాలన్నా, పాడె ఎత్తాలన్నా గుమ్మంలో నిలబడి "చెయ్యి వెయ్యండప్పా" అని ఒక్క కేక వేస్తే చాలు, పది ఇళ్ల మగవాళ్లు పంచెలు ఎగగట్టుకుని వచ్చేస్తారు. గనిలో రాయి పడి కాలు విరిగినవాణ్ణి లిఫ్టు దాకా చేతుల మీదే మోసుకొచ్చిన మనుషులు మా నాన్న తరం వాళ్లు. ఎత్తడం మాకు మర్యాద. జబ్బు చేసిన కొత్తలో అక్కనూ అలాగే ఎత్తారు. చర్చికి, ఆస్పత్రికి, పెళ్లికి, చివరికి స్నానాల గది మెట్టు దాటించడానికి కూడా. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద. పాపం ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అయినా రెండేళ్ల తర్వాత ఒక రోజు అక్క, "నేను మూట కాదు. ఇంగ ఎవురూ నా మీద చెయ్యి వెయ్యద్దండి" అని అందరి ముందూ చెప్పేసింది. చెక్కలు ఆ తర్వాతే కోయించాను.

ఇన్ని తెలిసినవాణ్ణి నేను చేసిన పని వినండి.

మండీలో లోడు దించుతూ ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తమిళంలో చక్కగా మాట్లాడింది. ర్యాంపున్న బండి ఉందట. రెండు రోజుల ముందు చెబితే చాలట. ఫోన్‌కు ఒక ఫారం పంపుతాను, నింపి పంపండి సార్ అంది. సార్ అన్నందుకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఫారం వచ్చింది. పైనుంచి కిందిదాకా ఇంగ్లీషు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషంతా లారీల వెనక రాసి ఉంటుంది, దాన్ని కూడా ముందు లారీ నెమ్మదిగా పోతేనే చదవగలను. ఆ రోజుల్లో అక్క నన్ను బడికి పంపాలని ఎంత బతిమాలిందో! "ఇంటికి ఒక చదువు చాలులేక్కా, రెండైతే పోట్లాడుకుంటాయి" అని తప్పించుకున్నాను. ఇప్పుడు అదే అక్క ముందుకు ఫోన్ పట్టుకుని వెళ్లి, ఇది చదివిపెట్టు అనాలి. అనలేదు. ఫోన్ జేబులో వేసుకుని, చెన్నైకి టమోటాలు తోలిన రోజుల్లో పరిచయమైన అక్కడి డ్రైవరు ఒకడికి ఫోన్ చేశాను.

"ర్యాంపు దేనికప్పా? పెద్ద బండి తెస్తా. నలుగురం ఉంటాం, పువ్వులాగా ఎత్తి పెడతాం" అన్నాడు తమిళంలో.

మా లైన్లలో పుట్టినవాడి చెవికి ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మనుషులున్న చోట చెక్కలెందుకు అనుకున్నాను.

సాయంత్రం అక్క అడిగింది. "ర్యాంపు ఉండాదా?"

"ఉండాదక్కా. నువ్వు ఎక్కేదేమి, నీ ఓడే ఎక్కొచ్చు."

నవ్వింది. ఆ నవ్వు చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

వెళ్లే రోజు బెంగళూరు విమానాశ్రయం దాకా నా బండిలోనే తనకు తానుగా ఎక్కి, దిగింది. లోపల అంతా తనే మాట్లాడింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో విమానం వాళ్లకు చెప్పి, సీట్ల మధ్య దారిలో పట్టే సన్నటి కుర్చీలోకి చేతుల బలంతో జరిగి, విమానంలో కిటికీ పక్కన కూర్చుంది. నాకు విమానం అదే మొదలు. బెల్టు పెట్టుకోవడం రాక తంటాలు పడుతుంటే, "టమోటా తాడు తెచ్చింటే బాగుండు" అంది అక్క. ఆంటీ పగలబడి నవ్వింది.

చెన్నైలో బయటికి వచ్చాక నిలబడి ఉంది నా డ్రైవరు బండి. నిజంగానే పెద్దది. ఎక్కే మెట్టే నా మోకాలి ఎత్తుంది.

అక్క బండిని చూసింది. బండి వెనక్కి వంగి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ర్యాంపు యాడరా?"

"వీళ్లే అక్కా" అన్నాను డ్రైవరును, వాడి వెంట వచ్చిన ఇద్దరిని చూపించి. "నడిచే ర్యాంపులు."

అలా ఎలా అన్నానో ఇప్పటికీ తెలీదు. నోటికి అలవాటైన తోవలో మాట అదే దొర్లిపోయింది. అక్క ముఖంలో రంగు పోయింది. ఆంటీ నా చేతిలో ఫోన్ లాక్కుని, అక్క రాసిచ్చిన నంబరుకు చేసింది. ఈ రోజుకు ఒక్క బండీ ఖాళీ లేదు మేడమ్, ముందే ఫారం పంపి ఉంటే... అంటోంది అవతలి గొంతు. స్పీకరులో అందరికీ వినబడింది.

ఓడలోకి ఎక్కించుకునే గడువు ఇంకా రెండు గంటలు. కాదంటే ఓడ వదులుకుని, వచ్చిన దారినే విమానంలో వెనక్కి వెళ్లిపోవచ్చు. ఏది కావాలో అక్కే చెప్పాలి.

"ఎత్తండి" అంది.

ముగ్గురూ నేనూ. నేను మోకాళ్ల కింద చేతులు పెట్టాను. మెట్టు ఎత్తుకు లేపేటప్పుడు చీర పిక్కల పైకి జరిగింది, ఒక చెప్పు రోడ్డు మీద పడింది. టాక్సీల కోసం నిలబడినవాళ్లు చూస్తున్నారు. డ్రైవరు మంచివాడు, "బరువే లేదమ్మా నువ్వు" అన్నాడు. అక్క కళ్లు మూసుకుంది. పన్నెండేళ్లలో ఆ కాళ్లు అంత సన్నబడ్డాయని నా చేతులకు అప్పుడే తెలిసింది. హార్బరులో దింపడానికి మళ్లీ అదంతా ఇంకోసారి.

ఓడలోకి వెళ్లే వంతెన మాత్రం నున్నగా, వెడల్పుగా ఉంది. వెనక నుంచి తోయడానికి వచ్చిన మనిషిని వద్దని, అక్క తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కింది. వెనక్కి చూడలేదు. ఎక్కే ముందు నాతో ఒక్క మాట అంది.

"వచ్చేటప్పుడు నేను చూసుకుంటాలేరా."

ఓడ టికెట్లు అక్కకూ ఆంటీకే. నేను ఆ మూడు రోజులూ తెలిసినవాళ్ల మండీలో, ఉల్లిపాయల మూటల మధ్య గడిపాను. నాలుగో రోజు హార్బరుకు వెళ్లేసరికి ర్యాంపు దించుకుని ఒక బండి ఎదురుచూస్తోంది. అక్క ఓడ మీద నుంచే ఫారం నింపి పంపిందట. ఎక్కింది, కుర్చీకి నాలుగు వైపులా బెల్టులు బిగించుకుంది, నాకు పక్క సీటు చూపించింది. దారంతా నీళ్ల గురించి, డెక్కు మీద గాలి గురించి ఆంటీతో మాట్లాడుకుంది. నన్ను ఏమీ అడగలేదు. నాలుగు తిట్టినా తేలికపడేవాణ్ణి.

ఇంటికొచ్చాక లైన్లోని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. బండి ఎవరు కుదిర్చారని అడిగితే, "ఇంగెవురు, మా తమ్ముడే" అంది అక్క. అది నన్ను కొట్టిన దెబ్బ అనుకున్నాను మొదట. కాదు. నన్ను నలుగురిలో చిన్నబుచ్చడం తనకు నిజంగానే ఇష్టం లేదు. అందుకే అది ఇంకా ఎక్కువ తగిలింది.

ఆ మాట లైనంతా పాకింది. కాలు తీసేసిన తర్వాత ఇల్లు కదలని పాత గని మేస్త్రీ ఒకాయన మా లైను చివరింట్లో ఉన్నాడు. మనవరాలి పెళ్లికి చెన్నై పోవాలట. కొడుకు చేత కుర్చీ తోయించుకుంటూ మా గుమ్మం ముందుకే వచ్చాడు.

"ఏమప్పా, ఆ బండి నాకూ కుదుర్చు. నీ మాట అయితే వింటారంట కదా."

నోట్లో ఒక తమాషా మాట సిద్ధంగానే ఉంది. మింగేశాను.

"నేను కుదర్చలేదు పెద్దాయనా. ఫారం ఇంగ్లీషులో ఉండాదని వదిలేసినాను. చదవనీక రాదని అక్కకు చెప్పలేక అబద్ధం చెప్పినాను. ఆమెను నలుగురితో ఎత్తించినాను."

మేస్త్రీ కుర్చీ చెయ్యి చరుస్తూ పకపకా నవ్వాడు. "నీకు ఎప్పుడు చూసినా తమాషానేనప్పా!" కొడుకూ నవ్వాడు.

అక్క లోపలి నుంచి కుర్చీ తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"వాడు ఇప్పుడు తమాషా చెయ్యలేదన్నా" అంది. నా వైపు తిరిగి, "ఆ ఫోన్ ఇట్లా తే. పక్కన కూర్చో. ఏం రాస్తున్నానో చూడు" అంది.

కూర్చున్నాను. ఫారం మొదటి గడిలో ఏముందో తను వేలు పెట్టి చదివి చెప్పింది: మనిషిని ఎత్తవచ్చా, ఎత్తకూడదా.