నేను కాదన్న చెయ్యి

జబల్‌పూర్‌లో వైర్‌లెస్ శిక్షణ ముగించుకుని నేను బెజవాడ స్టేషన్‌లో దిగింది మే నెల మిట్టమధ్యాహ్నం. యుద్ధం నడుస్తున్న రోజులు. విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడి ఎంతో కాలం కాలేదు. వీపు మీద కిట్‌బ్యాగు, భుజాన చుట్టిన కంబళి, నడుముకు నీళ్ళ సీసా. ప్లాట్‌ఫారం వేడి బూటు అడుగు దాటి పాదాలకు తగిలింది. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన హవల్దారు గుంటూరు వైపు మనిషి. సెల్యూట్ అందుకుని మొదట ఊరు అడిగాడు.

"మైలవరం పక్కనండి," అన్నాను.

"అయితే నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఉండేయి రెండే కాలాలు. ఎండాకాలం, మండేకాలం. పద."

మా పోస్టు కొండ మీద. కింద కాలువ, దాని వెనక కృష్ణ, రైలు వంతెన. రేకుల షెడ్డు. చుట్టూ ఇసుక బస్తాలు. రెండు వాసాల మధ్య ఏరియల్ తీగ. లోపల ఒక సెట్టు, బ్యాటరీలు, వాటిని ఛార్జి చేసే పెట్రోలు ఇంజను. మనుషులం హవల్దారు, నేను, ఇంకో ఆపరేటరు, ఒక వంటవాడు. మా అందరి పైన ఒక లెఫ్టినెంటు దొర. మీసం కూడా సరిగ్గా రాని కుర్రవాడు. సముద్రం ఒడ్డున కాపలా పోస్టులు పంపే కబుర్లు వినడం, పైకి పంపడం మా పని. గోడ మీద ఒక ఉత్తర్వు అంటించి ఉండేది. మన సంకేతం ఇవ్వని స్టేషనుకు జవాబు ఇవ్వరాదు. శత్రువు మనవాడిలా పలకరిస్తాడు, జవాబిచ్చామా మన చోటు పట్టేస్తాడు.

మోర్సు సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. చుక్కలూ గీతలూ అందరివీ ఒకటే. కొట్టే చెయ్యి మాత్రం ఎవరిది వారిదే, చేతిరాత లాగే. నాలుగు రోజులు వింటే కొట్టేదెవరో పేరు అడగక్కర్లేదు. దాన్ని మేము చెయ్యి అనే అనేవాళ్ళం. ఆపరేటరును దొంగ అంటే నవ్వి ఊరుకుంటాడేమో గాని, నీ చెయ్యి బాగాలేదంటే కొట్లాటకు వస్తాడు. నేనూ వచ్చేవాణ్ణి.

వానాకాలం చివర తుఫాను పట్టుకుంది. తెల్లవారేసరికి తంతి తీగలు తెగాయి. తీరం పోస్టులు ఒక్కొక్కటే మూగబోయాయి. రేకుల మీద వాన మోతకు పక్కవాడి మాట వినబడటం లేదు. పొద్దున పదింటికి హెడ్‌ఫోన్‌లో సన్నగా మోర్సు వినిపించింది. రహస్య సంకేతం లేదు. మామూలు ఇంగ్లీషు.

"సముద్రం కట్ట దాటింది. మీ పోస్టు మునిగింది. బెస్తపల్లె జనం ఉప్పు కొఠార్ల దిబ్బ మీద ఉన్నారు. పడవలు పంపండి."

చివర ఒక కాల్‌సైన్, అంటే స్టేషను గుర్తు. అది రాసుకుంటుంటే నా ఒళ్ళు జలదరించింది. పటాలం గుర్తు కాదు. అమెచ్యూరు గుర్తు. యుద్ధానికి ముందు సరదా కొద్దీ ఇంట్లో వైర్‌లెస్ పెట్టుకుని దేశదేశాల వాళ్ళతో మాట్లాడేవారు కొందరుండేవారు. వాళ్ళనే అమెచ్యూర్లు అనేవారు. సర్కారు వాళ్ళకు తలా ఒక లైసెన్సు, ఒక కాల్‌సైన్ ఇచ్చింది. యుద్ధం రాగానే లైసెన్సులు రద్దు చేసి, సెట్లు పోలీసులకు అప్పగించమంది. ఆ తరువాత గాలిలోకి వస్తే జైలే. ఈ మనిషి వచ్చింది కాక, ఊరూ పేరూ అచ్చయి ఉన్న సొంత గుర్తు పెట్టి మరీ కొడుతున్నాడు.

"వీడికి మతిపోయిందా?" అన్నాను.

హవల్దారు తల అడ్డంగా ఊపాడు. "మతి కాదురా, ఆచారం. అమెచ్యూర్లు సంతకం లేకుండా ఒక్క ముక్క పంపరు. పంపితే మహాపాపం వాళ్ళకి."

లెఫ్టినెంటు దొర కాగితం చదివి, గోడ మీది ఉత్తర్వు చూశాడు. "జవాబివ్వకు. జపాను వాడి ఎత్తు కావచ్చు."

ఆ మనిషి మళ్ళీ కొట్టాడు. కాసేపు ఆగి మళ్ళీ. అవే మాటలు, అదే చెయ్యి. ప్రతి మాటలోనూ చివరి గీతను కొంచెం సాగదీసి, గుక్క తిప్పుకున్నట్టు ఆగి, తరువాతి మాట అందుకుంటాడు. బ్యాటరీ నీరసిస్తోంది, చప్పుడు సన్నగిల్లుతోంది. చెయ్యి మాత్రం తొణకలేదు. వినడమే గాని పలకడానికి లేదు.

హవల్దారు ఉండబట్టలేక, తనకొచ్చిన ఇంగ్లీషులో దొరతో అన్నదాన్ని మన మాటల్లో చెబుతున్నాను. "జపానోడికి మన బెస్తోళ్ళ గోల ఎందుకు సార్?"

దొర మొహం ఎర్రబడింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వానను చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "జవాబివ్వు. బాధ్యత నాది."

అందింది అని ఒక్క ముక్క కొట్టాను. అవతల నుంచి థాంక్స్ అని వచ్చింది. ఆ తరువాత మౌనం.

బందరు కాలువ మీదుగా పడవలు వెళ్ళాయి. దిబ్బ మీద జనాన్ని దించుకొచ్చాయి. మా పోస్టు సిపాయీలు కూడా ఆ జనంలోనే బతికి దొరికారు. మా లాంగ్రీ, అదే వంటవాడు, ఆ రోజు బియ్యం బస్తా ఖాళీ అయ్యేదాకా వండుతూనే ఉన్నాడు. కబురు పంపిన ఆ మనిషిని సన్మానించాలని దొర ఆ వారమే పైకి రాశాడు. కుర్రతనం. పైనుంచి సన్మానం రాలేదు, సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

కాల్‌సైన్ ఎవరిదో పుస్తకం చూస్తే తెలిసిపోయింది. నాగలింగం గారు. బందరు దగ్గర నేతపేటలో చీరల వ్యాపారం. ఇల్లు సోదా చేశారు, సెట్టు దొరకలేదు. అప్పటికే విప్పి ఎక్కడో పారేసి ఉంటాడు. ఆ గుర్తు ఎవరైనా వాడుకోవచ్చు, నాకేమీ తెలియదు అనమని ప్లీడరు నేర్పాడు. ఆయన అలాగే అన్నాడు. ఇక మిగిలిన సాక్ష్యం చెయ్యి. ఆ చెయ్యి విన్నవాణ్ణి నేను. కేసంతా వచ్చి నా చెవుల మీద కూర్చుంది.

బందరు ముసాఫరు బంగళాలో పొద్దున్నే ఏర్పాటు చేశారు. బల్ల మీద మోర్సు మీట, కింద బ్యాటరీ. నన్ను గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. ఒక తంతి గుమాస్తా, మా రెండో ఆపరేటరు, నాగలింగం గారు ఒకరి తరువాత ఒకరు అవే నాలుగు మాటలు కొట్టాలి. తప్పించుకోవాలంటే చెయ్యి మార్చి కొడితే చాలు. మార్చు నాయనా, మార్చు అని గోడకేసి మొక్కుకున్నాను. మూడోవాడి మొదటి గీతతోనే తెలిసిపోయింది. అణువంతైనా మార్చలేదు. తుఫాను రోజు కంటే నింపాదిగా, అందంగా కొట్టాడు.

"ఏమయ్యా? ముగ్గుర్లో ఉన్నాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేడండి."

ప్లీడరు హమ్మయ్య అనుకోవడం చెవిన పడింది. నా వెంట వచ్చిన దొర ఊపిరి వదిలాడు. అంతలో కుర్చీ కిర్రుమంది.

"లేడా? ఏమండీ సిపాయిగారూ, ఒకసారి ఇటు తిరగండి!"

తిరిగాను. ఆయనను చూడటం అదే మొదలు. బక్కపలచటి మనిషి, జరీ అంచు ఉత్తరీయం. పెదవులు వణుకుతున్నాయి. భయంతో కాదు, అవమానంతో.

"అందింది అని కొట్టింది మీరు కాదుటండీ? ఆ ఒక్క ముక్కకే మిమ్మల్ని పట్టానే నేను! రోజూ వింటున్నానే మీ చెయ్యి! నాది మీకు తెలీలేదూ?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఏం మాటలండీ అవి! ఊరుకోండీ!"

"ఎట్లా ఊరుకోమంటావు? పన్నెండేళ్ళు సాధన చేసిన చెయ్యే ఇది. నా మొహం మీద కాదంటుంటే!"

ప్లీడరు నుదురు కొట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. రోజూ వింటున్నాను అన్నది కూడా నేరమే, అదీ రాసుకున్నాడు. మనిషిని కాపాడాలని చెయ్యిని కాదన్నాను. ఆయనకు మనిషి కంటే చెయ్యే ఎక్కువని, అదే పని చేసే నాకు తట్టలేదు. పోలీసులు లేవదీసి తీసుకుపోతుంటే ఆయన పోలీసుల వంక చూడలేదు. నన్నే చూస్తూ వెళ్ళాడు.

జైలు శిక్ష పడింది. దొర ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, ఎవరూ వినలేదు. తరువాత దొరను బర్మా వైపు పంపారు, నన్ను అస్సాం పంపారు. అక్కడి అడవుల్లో జలగలు, మలేరియా, మోకాలి లోతు బురద. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు, ఆ సాగదీసిన గీత కోసం చెవి వెతికేది.

యుద్ధం అయిపోయింది. డిశ్చార్జి కాగితాలు పట్టుకుని మైలవరం చేరాను. లైసెన్సులు మళ్ళీ ఇస్తున్నారని విన్నాను. ఒకరోజు హవల్దారు కబురు చేశాడు. జిల్లా అమెచ్యూర్లందరూ కూడి నాగలింగం గారికి సన్మానం చేస్తున్నారు, బెజవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు మేడ మీద, వచ్చి తీరాలి అని.

బస్సు ఆలస్యమైంది. మెట్లెక్కుతుంటే పైనుంచి మోర్సు వినిపించింది. తడబడుతున్న చుక్కలు, మధ్యలో తెగిపోతున్న గీతలు. ఎవరో నిన్నగాక మొన్న నేర్చుకున్నవాణ్ణి కూర్చోబెట్టినట్టున్నారు, పెద్దమనిషి సన్మానం రోజున ఇదేం ముచ్చట అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాను.

మీట ముందు కూర్చున్నది నాగలింగం గారే. మెడలో దండ, భుజాన శాలువా, బల్ల మీద వెండి షీల్డు. కొడుతున్నది ఎడమ చేత్తో. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దానికి చూపుడువేలు, మధ్యవేలు లేవు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. హవల్దారు నా పక్కకు వచ్చాడు. "జైల్లో గానుగలో పడిందంట," అన్నాడు మెల్లగా.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. మీట ఆగింది. గదిలో అందరూ నా వైపు తిరిగారు.

"రండి సిపాయిగారూ. పెద్దలంతా ఉన్నారు. ఇప్పుడు చెప్పండి. ఇది నా చెయ్యేనా?"

ఆ చెయ్యి నేను ఎన్నడూ వినలేదు.

"మీదేనండీ," అన్నాను.

ఆయన మొహమంతా విచ్చుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చిన్నగా తల ఊపి మళ్ళీ మీట వైపు వంగాడు. ఆ ఎడమచేతి వేళ్ళు బల్ల మీద మీటను తడుముకుంటూ పోవడం ఈనాటికీ నా కళ్ళ ముందు నుంచి పోలేదు.