టమోటా బాక్సుల కోటగోడ

2006 జులైలో పుంగనూరు నాటక పోటీలకు నన్ను రంగాలంకరణ న్యాయనిర్ణేతగా వేశారు. అసలు ఉద్యోగం రంగస్థల పర్యవేక్షకుడు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నది ఆ తర్వాత. హోదా చిన్నదే గానీ సెట్టుకూ, లైట్లకూ, నటుల అమరికకూ మార్కులేసే కలం చేతికొస్తే కలెక్టరుకన్నా జానెడు పొడుగయ్యేవాణ్ణి. ఒక్క నిబంధన మాత్రం నన్ను కుర్చీకి మేకులేసి కొట్టేది: తెర లేచాక న్యాయనిర్ణేత లేచి నిలబడితే ఆ ప్రదర్శన రద్దు. గెలిచిన జట్టు కుప్పం తుదిపోటీకి వెళ్తుంది.

మదనపల్లె జట్టు పాత గ్రీకు విషాద నాటకమొకదాన్ని ఈ కాలానికి తిప్పింది. చచ్చిన అన్నను పూడ్చకూడదని రాజాజ్ఞ, పూడ్చి తీరతానని చెల్లెలి పట్టు. రాజు మండీ ఓనరయ్యాడు. కథ మీద వ్యాఖ్యానం చెప్పే గ్రీకు బృందం ఆరుగురు హమాలీలయ్యారు. రాజకోట అంటారా, టమోటా బాక్సుల గోడ. పైవరుసకు మబ్బులు తగులుకుని చిరిగిపోయేంత ఎత్తు.

తెర లేవకముందు సెట్టు పరిశీలించాలి. వేలితో నొక్కితే గోడ ఊగింది. దర్శకుడు రెడ్డెప్పను అడిగాను. అతను మండీ గుమాస్తా.

"రిహార్సల్లో బాక్సుల నిండా కాయుండె సార్, కొండ మాదిరి నిలబడె. నిన్న రేటు లేసింది. మా ఓనరు కాయంతా లారీకెత్తేసినాడు, ఇవి ఉత్త బాక్సులే."

"మరి తాళ్లు?"

"కట్టినాము. మీరు కూసోండి సార్, దేవుడుండాడు."

సెట్టుకు దేవుణ్ణి ఆధారంగా చూపిన దర్శకుడు నా సర్వీసులో అతనొక్కడే. ఆపే అధికారం నాకు లేదు, మార్కులు కోసే అధికారమే. వెళ్లి కూర్చున్నాను.

చెల్లెలి పాత్రధారి షమీమ్, కుట్టు టీచరు, గోడకు వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చుని అన్న మీద మట్టి పోస్తోంది. ఆరుబయటి వేదిక, ఆషాఢం గాలి ఒక్కసారి విసిరింది. తాడు తెగింది. గోడ ఆమె మీదికి వంగింది. నేను సగం లేచాను. పూర్తిగా లేస్తే వాళ్ల కుప్పం పోతుంది, లేవకపోతే ఆమె తల పగులుతుంది. నాకూ కుర్చీకీ మధ్య జానెడు గాలి.

"పట్టండప్పా!" అని ఒక హమాలీ పాటలోనే కలిపేశాడు. ఆరుగురూ గిరుక్కున తిరిగి గోడకు వీపులు ఆనించారు. కాళ్లు వణుకుతున్నా పాట ఆగలేదు. జనం ఊపిరి బిగబట్టారు. రాజు గోడ కింద వంగిన జనం, అంతకన్నా గొప్ప దృశ్యం ఏ దర్శకుడు కడతాడు? షమీమ్ చివరి గుప్పెడు మట్టీ పోసి పక్కకి నడిచింది. అప్పుడు నేను మళ్లీ కుర్చీలో ఆనాను. తెర పడ్డాక గోడ కూలిన చప్పుడు మదనపల్లె రైల్వే స్టేషను దాకా వినబడే ఉంటుంది.

వీపుల దృశ్యం ముందే అనుకున్నదా అని రెడ్డెప్పను అడిగాను. అవునంటే గెలుపు ఖాయమని అతనికి తెలుసు.

"యాడిది సార్! పడతాండె, ఆనుకున్యారు."

సెట్టు నిలకడకు సున్నా, అమరికకు నిండా మార్కులు వేశాను. అంగుళం తేడాతో గట్టెక్కారు.

కుప్పంలో రెడ్డెప్ప గోడకు ఇనప పైపులు వెల్డింగు చేయించాడు. అడవిలోంచి ఏనుగులొచ్చి గుద్దినా కదలదు. హమాలీలు సరిగ్గా అక్కడే తిరిగి వీపులు ఆనించారు. ముందువరుసలో ఒకాయన శెనక్కాయలు వలవడం ఆపలేదు. అక్కడా కలం నా చేతిలోనే. ఈసారి నిలకడకు నిండా మార్కులు, అమరికకు సగం వేశాను. ఓడిపోయారు.

"యాల ఓడితిమి సార్? పుంగనూర్లో చేసిందే కదా చేస్తిమి!" అన్నాడు రెడ్డెప్ప.

బరువు లేనిచోట వంగిన వీపుకు మార్కులు వేయలేం. అలాగని ఊగే గోడ పెట్టమని ఏ దర్శకుడికీ చెప్పలేం. ఆ తర్వాత నేను పని చేసిన ప్రతి పోటీలో, సెట్టు ఊగితే తెర లేపకూడదన్న నిబంధన ముందే రాయించాను. అలాంటి దృశ్యం మళ్లీ చూడలేదు.